పక్క క్వార్టర్ వాళ్ల సాక్ష్యం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో, మా టీవీ చానల్‌లో కొత్తగా పెట్టిన ఒక విభాగానికి నన్ను ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా వేశారు. నా ఉద్యోగంలో అదే చివరి పోస్టింగ్. ఆర్డర్ కాగితంలో విభాగం పేరు ఇంగ్లీషులో చాంతాడంత ఉండేది కాబట్టి ఆఫీసులో అందరూ దాన్ని ‘అటక’ అనేవారు. చానల్ పుట్టిన నాటి నుంచి ఎవరో ఊహించి, ఇంకెవరో ఒప్పుకొని, తీరా షూటింగ్ జరగకుండానే ఆగిపోయిన వినోద కార్యక్రమాలను కిందికి దించి, ఫోన్లలో టీవీ చూసే ఈనాటి ప్రేక్షకులకు పనికొస్తాయేమో తేల్చడం మా పని. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషిని అటక మీదికి పంపడం బాగుందని నా తోటివాళ్లు ఆటపట్టించారు. నిజం చెప్పాలంటే ఆ పని నాకు చాలా నచ్చింది.

మా వృత్తిలో మెట్లు ఇలా ఉంటాయి. ఒక కార్యక్రమాన్ని తయారుచేసేది ప్రొడ్యూసర్. అలాంటి కొన్ని కార్యక్రమాలకు జవాబుదారీ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. ఏది ప్రసారం కావాలో, ఏది కాకూడదో చివరి మాట ప్రోగ్రామింగ్ హెడ్‌ది. ఆ కుర్చీలో అప్పుడు శ్రావ్య ఉండేది. నా కూతురి వయసు, చురుకైన మనిషి, మొహమాటం బొత్తిగా లేదు. ఏ ఆలోచనైనా ముందు ఒక పేజీ కాన్సెప్ట్ నోట్‌గా వస్తుంది. నచ్చితే ‘పైలట్’ తీస్తాం, అంటే పరీక్ష కోసం తీసే మొదటి భాగం. కాగితం మీద బాగున్న ఆట మనుషులు ఆడితే ఎలా ఉంటుందో అందులో తెలిసిపోతుంది. దాన్ని చూశాక ప్రోగ్రామింగ్ హెడ్, మార్కెటింగ్ వాళ్లు కమిటీగా కూర్చుని అవునో కాదో చెబుతారు.

ఆగిపోయిన ఆలోచనల్లో చాలామటుకు ఆగిపోవలసినవే. సినిమా తారల చేత బర్రెల పాలు పిండించే పోటీ ఒకటి ఉంది. ఆ నోట్ రాసినవాళ్లు బర్రెలను సంప్రదించినట్టు లేదు. అయితే ఒక్క ఆలోచన కోసం మాత్రం నేను ఏ బీరువా తెరవనక్కర్లేకపోయింది. నేను అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో, నా ఎదురుగానే కూర్చుని ఒక మనిషి దాన్ని మా అప్పటి బాసుకు చెప్పాడు. ఆ ఆట పేరు ‘పక్క క్వార్టర్’. ఆ మనిషి రాజమల్లు.

రాజమల్లు అప్పుడు మందమర్రి గనిలో కోల్ ఫిల్లర్, అంటే పగలగొట్టిన బొగ్గును టబ్బులకెత్తే కార్మికుడు. డ్యూటీ దిగాక కాలనీలో ఏ ఫంక్షన్ జరిగినా మైకు ఆయన చేతిలోనే ఉండేది. బొగ్గు గనుల కాలనీల్లో క్వార్టర్లు వరుసగా ఉంటాయి, ఆ వరుసను లైను అంటారు. రెండు క్వార్టర్ల మధ్య ఒకటే గోడ. ఇటు వాళ్లు ఉల్లిగడ్డలు తరిగితే అటు వాళ్ల కళ్లలో నీళ్లు వస్తాయని ఆయన చెప్పినప్పుడు మా బాసు పడీపడీ నవ్వాడు. ఆట చాలా సులువు. పక్కపక్క క్వార్టర్ల రెండు కుటుంబాలను కూర్చోబెట్టాలి. ఒక కుటుంబం గురించి ప్రశ్నలు రెండో కుటుంబాన్ని అడగాలి. సరైన జవాబుకు ఒక పాయింటు. యాంకర్ రాజమల్లే.

అన్నీ ఒప్పుకొన్నాక, షూటింగ్ రోజున ఓబీ వ్యాన్ రాలేదు. ఓబీ వ్యాన్ అంటే కంట్రోల్ రూమ్‌ను లోపల పెట్టుకొని తిరిగే బండి. కెమెరాలన్నిటినీ దానికే కలుపుతాం. అది లేకపోతే స్టూడియో బయట ఆట తీయలేం. అప్పట్లో చానల్‌కు ఉన్నది ఒక్కటే వ్యాన్. దాన్ని దారిలోనే ఇంకో లైవ్ కార్యక్రమానికి మళ్లించారు. రాజమల్లు అప్పటికే ఆటోకు మైకు కట్టించి మూడు కాలనీలు తిరిగి చాటింపు వేసి ఉన్నాడు. మందమర్రి కాలనీ హాలు నిండా జనం కూర్చుని, ఎదురుచూసి, లేచి వెళ్లిపోయారు. తర్వాత మా బాసు మారాడు, ఆట అటకెక్కింది. మందమర్రిలో మాత్రం అది మరుగున పడలేదు. రాజమల్లు కనబడితే చాలు, “ఏమాయె మల్లన్నా, నీ టీవీ పోగ్రాం?” అని పలకరించడం జనానికి అలవాటైపోయింది.

శ్రావ్యకు నోట్ ఇచ్చినప్పుడు ఆమె ఒకటే అడిగింది, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు పక్క ఫ్లాట్ వాళ్ల పేరు కూడా తెలియదు, ఈ ఆట ఎవరు చూస్తారని. పేరు తెలియనివాళ్లే చూస్తారు, తమకు లేనిది కాబట్టి అన్నాను. పైలట్‌కు ఒప్పుకుంది. యాంకర్‌ను మాత్రం హైదరాబాద్ నుంచి పంపుతానంది. పైలట్ వరకు రాజమల్లును ఉంచమని అడిగాను. సరేనంది.

నేను నస్పూర్ వెళ్లాను. రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి రాజమల్లు అక్కడ సొంత ఇల్లు కట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. విషయం చెప్పగానే లేచి వెళ్లి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

“మేడం, జర మెల్లగ మాట్లాడుండ్రి. ఇంకోపారి ఆగిపోతే నేను మందమర్రిల మొఖం సూపెట్టలేను,” అన్నాడు. షూటింగ్ రామగుండంలో పెట్టండి, కరీంనగర్‌లో పెట్టండి, మందమర్రిలో మాత్రం వద్దని ఆయన షరతు.

అప్పటిదాకా పప్పు చెరుగుతూ వింటున్న ఆయన భార్య శంకరమ్మ చేట పక్కన పెట్టింది. “గిన్నేండ్లు నవ్వింది మందమర్రోళ్లా, రామగుండపోళ్లా? నవ్వినోళ్ల ముంగటనే జెయ్యాలె. లేకుంటే జేసి ఏం ఫాయిదా?” అంది. రాజమల్లు నా వైపు చూశాడు. నేను శంకరమ్మ పక్షం వహించాను. ఆ పూటకు బేరం కుదిరింది.

పైలట్ తయారీలో ఒక పద్ధతి ఉంది. ఆటకు ఎంపికైన ప్రతి కుటుంబాన్ని మా రిసెర్చ్ వాళ్లు విడిగా కలిసి, వాళ్ల ఇంటి సంగతులు అడిగి రాసుకుంటారు. ప్రశ్నలూ, సరైన జవాబులూ అక్కడి నుంచే వస్తాయి. రిహార్సల్‌లో అసలు కుటుంబాలను కూర్చోబెట్టం. జవాబులు ముందే బయటపడతాయి గనుక మా సిబ్బందే వాళ్ల స్థానంలో కూర్చుని ఆడతారు. మేము ఎంచుకున్నవాళ్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవాళ్లు. ఒక వైపు కొమురయ్య, లక్ష్మి. రెండో వైపు సాదిక్, షాహీన్. మగవాళ్లిద్దరూ గనిలో పనిచేస్తారు. లక్ష్మి తన భర్త గురించి, షాహీన్ తన భర్త గురించి మా రిసెర్చ్ అమ్మాయికి ఎన్ని సంగతులు చెప్పారంటే, ఆ అమ్మాయి పెళ్లి మాట వాయిదా వేసుకుంటానంది. రిహార్సల్ బ్రహ్మాండంగా జరిగింది.

షూటింగ్ రోజు ఓబీ వ్యాన్ మందమర్రి కాలనీ హాలు ముందు ఆగినప్పుడు రాజమల్లు దాని చుట్టూ ఒకసారి తిరిగి, డోరు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. మొదటి షిఫ్టు దిగినవాళ్లు స్నానాలు చేసి, పిల్లలతో వచ్చి కూర్చున్నారు. స్టేజీ మధ్యలో నడుమెత్తు గోడ ఒకటి కట్టి, సున్నం రంగు వేయించాం. గోడకు అటూ ఇటూ రెండు కుటుంబాలు. శ్రావ్య వ్యాన్‌లో కూర్చుంది. వ్యాన్‌లో ఉన్నవాళ్లు స్టేజీ దగ్గరున్న మాతో చెవిలో మాట్లాడే ఏర్పాటును టాక్‌బ్యాక్ అంటాం. అది నా చెవికి ఉంది.

మొదటి ప్రశ్న షాహీన్‌కు. కొమురయ్య గురక పెడతాడా? అరలోని గిన్నెలు కదులుతాయని లక్ష్మి స్వయంగా చెప్పి ఉంది. షాహీన్ కొమురయ్య వైపు ఒకసారి చూసి, “గురకనా? మాకైతే ఎన్నడు ఇనవడలే,” అంది. తప్పు గంట మోగింది. హాల్లో నవ్వులు.

రెండో ప్రశ్న. మొన్నటి ఆదివారం కొమురయ్య చేసిన బగారన్నం ఎలా కుదిరింది? అది అడుగంటి, వాసన లైను మొత్తం కమ్ముకుందని మా దగ్గర జవాబు. “మస్తు జేసిండు కొమురన్న. మాకు సుత పంపిండ్రు,” అంది షాహీన్. మళ్లీ గంట.

వంతు లక్ష్మికి వచ్చింది. సాదిక్ మోటర్‌సైకిల్ రోజూ డ్యూటీకి ఎలా బయల్దేరుతుంది? దాన్ని లైనులో వాళ్లంతా నెట్టాలి, నెట్టేవాళ్లలో లక్ష్మి కూడా ఉంటుంది. లక్ష్మి ముఖం ఏమాత్రం మారకుండా, “ఒక్క కిక్కుకే అందుకుంటది,” అంది. గంట. తర్వాతి ప్రశ్నలన్నీ ఇదే దారి పట్టాయి. స్కోరు బోర్డు మీద అటు సున్నా, ఇటు సున్నా.

నా చెవిలో శ్రావ్య గొంతు వినబడింది. వీళ్లకు పక్కింటి గురించి ఏమీ తెలియదు, కుటుంబాల ఎంపిక తప్పింది, ఇక్కడితో ఆపేద్దాం, వీలైతే మరో ఊళ్లో చూద్దాం అంది. వీలైతే అన్న మాటకు మా దగ్గర అర్థం అందరికీ తెలుసు. పైలట్‌కు డబ్బు ఒక్కసారే ఇస్తారు. అంతలో వెనక వరుసలోంచి ఎవరో, “మల్లన్నా, గీపారి వ్యానొచ్చింది గని ఆట రాలే,” అన్నారు. హాలంతా గొల్లుమంది. రాజమల్లు మైకు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. శంకరమ్మ మొదటి వరుసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. 

నాది మెట్‌పల్లి. మా వైపు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ మా బాపు చేసే పనుల మీద ఇంటికొచ్చిన ప్రతివారికీ ఫిర్యాదు చేసేది. పక్కింటి మగవాడి మాట ఎవరైనా ఎత్తితే మాత్రం, “మనకేం ఎరుక బిడ్డా,” అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. స్టేజీ మీద షాహీన్ కొమురయ్య వైపు చూసిన చూపు గుర్తొచ్చి, ఏం జరుగుతోందో అప్పుడు నాకు అర్థమైంది. కెమెరాలు ఆపవద్దని ఫ్లోర్ మేనేజర్‌కు సైగ చేశాను. శ్రావ్యను కొంచెం ఆగమన్నాను. స్టేజీ అంచుకు వెళ్లి, “వాళ్లకు తెలియక కాదన్నా, చెప్పరు,” అని రాజమల్లుతో మెల్లగా అన్నాను.

ఆయన నన్ను చూశాడు, షాహీన్‌ను చూశాడు. తర్వాత మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ మనిషి చేతిలో మైకు ఉన్నప్పుడు ఆయన వేరే మనిషి. కొమురయ్య గురక విన్నోళ్లు చేతులు లేపమని హాలును అడిగాడు. పిల్లలతో సహా అందరూ లేపారు. కొమురయ్య కూడా లేపాడు.

“మరి గీ షాహీన్ చెల్లె ఇనలేదంటున్నది. గోడ నీదే కదా చెల్లె, ఎట్ల ఇనవడలే?”

“గోడవతలి ముచ్చట గోడవతలనే ఉండాలె అన్నా. పదిమందిల పెట్టుడు మంచిగుంటదా?” అంది షాహీన్.

హాలంతా చప్పట్లు. రాజమల్లు ఆ చప్పట్లు ఆగేదాకా ఉండి, ఆటను అక్కడికక్కడే తిప్పేశాడు. “అయితే గిట్ల జేద్దాం. ఇంటోళ్లు ఫిర్యాదు జెయ్యాలె. పక్క క్వార్టరోళ్లు కాపాడాలె. ఎవలు మంచిగ కాపాడితే వాళ్లకే పాయింటు. తీర్పు మీది,” అని హాలుకు చెప్పాడు.

లక్ష్మి అప్పటిదాకా దాచుకున్నదంతా బయటపెట్టింది. అన్నం మాడ్చాడనీ, గిన్నెను తానే మూడు రోజులు నానబెట్టి తోమాననీ, లైను మొత్తం ముక్కులు మూసుకుందనీ చెప్పింది. కొమురయ్య తల వంచుకున్నాడు. షాహీన్ గోడ మీద చెయ్యి పెట్టి లేచి నిలబడింది. “గా వాసన అన్నంది కాదు. గా దినం బొగ్గుకుప్ప రగులుకున్నది,” అంది.

ఇది బొగ్గు ఊళ్ల వాళ్లకు మాత్రమే తోచే సాక్ష్యం. తవ్వి పోసిన బొగ్గు కుప్పలు ఎక్కువ రోజులుంటే వాటంతట అవే లోపల వేడెక్కి పొగ లేస్తాయి. నీళ్లు కొట్టి ఆర్పుతారు. కాలనీలో ఏ వాసన వచ్చినా మొదట తలచుకునేది దాన్నే. లక్ష్మి జవాబు చెప్పేలోపే వెనక నుంచి ఒక రిటైర్డ్ కార్మికుడు లేచి, “నిజమే, నేనే నీళ్లు కొట్టిన,” అన్నాడు. ఆయన రిటైరై చాలా ఏళ్లయిందని హాల్లో అందరికీ తెలుసు. ఇంకొకరు లేచి, ఆ పొగకు తన కళ్లు మండాయన్నారు. సాదిక్ వంతు వచ్చేసరికి, ఆయన బండి నెట్టడం ఒంటికి మంచిదని డాక్టర్ చెప్పాడని లక్ష్మి వాదించింది. మా కెమెరామన్ నవ్వు ఆపుకోలేకపోవడంతో ఆ షాట్ మొత్తం ఊగుతూ వచ్చింది. అది చూడదగ్గ షాట్. ఎడిటింగ్‌లో తీసేయనివ్వలేదు.  శ్రావ్య నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుందని తర్వాత వ్యాన్‌లో వాళ్లు చెప్పారు.

ఆ సాయంత్రం నా సర్వీసులోకెల్లా సంతోషంగా గడిచిన సాయంత్రాల్లో ఒకటి. శంకరమ్మ అందరికీ సర్వపిండి పంచింది. రాజమల్లు సెట్టు గోడకు ఆనుకొని కూర్చుని, తన ఆట తనకే కొత్తగా ఉందన్నాడు. పెండ్లి కాని రోజుల్లో అనుకున్న ఆట అది, కాపురం చేసినోడైతే గట్ల రాయకపోవునని నవ్వాడు.

అయితే పైలట్ బాగా రావడం ఒకటి, ప్రసారం కావడం ఒకటి. కమిటీ సమావేశం దసరాకు ముందని, తర్వాతని రెండుసార్లు వాయిదా పడింది. శ్రావ్య మా వైపే ఉంది కానీ, స్పాన్సర్ ఎవరన్నది మార్కెటింగ్ వాళ్లకు తేలలేదు. రాజమల్లు మొదట్లో వారం వారం ఫోన్ చేసేవాడు. తర్వాత మానేశాడు. ఫోన్ మానేసిన మనిషికి ఫోన్‌లో చెప్పే మాట నా దగ్గర లేక, మంచిర్యాలలో వేరే పని ఉంటే అది ముగించుకొని మందమర్రి వెళ్లాను. ముందు లక్ష్మినీ షాహీన్‌నూ చూసి, తర్వాత నస్పూర్ వెళ్దామనుకున్నాను.

వాళ్లిద్దరూ కూరగాయల బండి దగ్గర ఉన్నారు. నేను పలకరిస్తుండగానే వేరే కాలనీకి చెందిన ఒకాయన సైకిలాపి, “మల్లన్న పోగ్రాం మళ్ల ఆగిందటగా?” అని నవ్వుతూ అడిగాడు.

“ఎవలన్నరు?” అంది షాహీన్, బీరకాయలు ఏరడం ఆపకుండానే. “మొన్న ఐతారం వచ్చింది. మేం జూసినం.”

“మా ఇంటాయన అంగి ఎంత మంచిగ కనవడ్డదో టీవీల,” అంది లక్ష్మి.

తనకెందుకు కనబడలేదని ఆయన అడిగాడు. “మీ లైన్ల కరెంటు లేకుండె,” అంది షాహీన్. ఆయనకు నమ్మకం కుదరలేదు. నా మెడలోని చానల్ ఐడీ కార్డు చూసి, నా వైపు తిరిగి, “మేడం, నిజమేనా?” అని అడిగాడు.

కార్యక్రమం ప్రసారం కాలేదని ఆ ఊళ్లో ఎవరికైనా ఖాయంగా తెలుసంటే అది నాకే. లక్ష్మీ షాహీన్ ఇద్దరూ నా వైపు చూడలేదు. బీరకాయలు చూస్తున్నారు.

“వచ్చింది. మంచిగ వచ్చింది,” అన్నాను.

ఆయన సైకిలెక్కి వెళ్లిపోయాడు. మల్లన్న పోగ్రాం సంగతి ఎవరు అడిగినా ఇదే చెబుతున్నామనీ, లైనులో అందరం ఒక్కటే మాట మీద ఉన్నామనీ లక్ష్మి చెప్పింది. ఇన్నేళ్లూ ఆయనను ఏడిపించినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. నస్పూర్ వెళ్లకుండా అక్కడి నుంచే హైదరాబాద్ తిరిగొచ్చేశాను.

మర్నాడు శ్రావ్య గదిలోకి వెళ్లి, మన చానల్ తరఫున మందమర్రిలో ఒక సాక్ష్యం చెప్పి వచ్చాను, దాన్ని నిజం చేయడం నీ పని అన్నాను. జరిగింది మొత్తం విన్నాక ఆమె స్పాన్సర్ కోసం ఆగకుండా, ముందు ఫోన్లలో చూసే మా యాప్‌లో ఆట విడుదల చేయడానికి సంతకం పెట్టింది. ఆ అధికారం ప్రోగ్రామింగ్ హెడ్‌కు ఉంటుంది, వాడేవాళ్లు తక్కువ. యాంకర్ పేరు దగ్గర నన్ను అడగకుండానే రాజమల్లు అని రాసింది. యాప్‌లో జనం చూశాక స్పాన్సర్ తనంతట తానే వచ్చాడు. ఆట టీవీకీ ఎక్కింది.

మొదటి భాగం టీవీలో వచ్చిన రోజు షాహీన్‌కు ఫోన్ చేశాను. చూస్తున్నారా అని అడిగితే, “చూస్తున్నం మేడం. టీవీల మాకిది రెండోసారి,” అంది. వెనకాల హాలు దద్దరిల్లినట్టు నవ్వులు వినబడ్డాయి, టీవీలోవో ఇంట్లోవో తెలియలేదు.

నేను దిగిపోయాక ‘అటక’ బాధ్యత తీసుకున్న ప్రొడ్యూసర్‌కు ఒకే మాట చెప్పి వచ్చాను. పాత ఆలోచన తీసినప్పుడు అది ఎందుకు ఆగిపోయిందని అడగడంతో సరిపెట్టుకోవద్దు. మా ఆట ఆగింది వ్యాన్ లేక. ఆ రోజు వ్యాన్ వచ్చి ఉంటే సున్నాకు సున్నాతో అప్పుడే ముగిసిపోయేది. ఆట నియమం ఆడేవాళ్ల మర్యాదకు అడ్డొస్తే మార్చవలసింది నియమాన్ని. పైలట్‌లో సున్నా వచ్చిందని కెమెరా ఆపకూడదు. ఆ సున్నా ఎందుకొచ్చిందో అక్కడే, ఆ మనుషుల్నే అడగాలి.